రేకులెగిరిపోయిన షెడ్డులో

తుఫాను వెళ్ళిన మూడో రాత్రి.
కంచరపాలెంలో కరెంటు లేదు.
మా షెడ్డుకి రేకులూ లేవు.
పదకొండింట్లో ఒకటి
రైల్వే గోడ అవతల విరిగిన చింతకొమ్మల్లో దొరికింది,
మిగతావి ఏ వీధి కప్పుకుందో.

లేతు మిషను ఆకాశం కింద కూర్చుంది
గొడుగు పోగొట్టుకున్న ఉత్సవ విగ్రహంలా.
దానికి గోనెపట్టా కప్పి
నేనూ, పని నేర్చుకునే చిన్నయ్యా కాపలా.
మూడోవాడు మసేను. జాలరిపేట నుంచి
వంగిపోయిన పడవ షాఫ్టు ఆటోలో వేసుకొచ్చి
కరెంటొచ్చేదాకా కదల్నన్నాడు.
హార్బర్లో ఎవరి పడవ ఎవరి మీదెక్కిందో
ఇంకా లెక్క తేలలేదట.

ఊరంతా ఆరిపోతే
ఇన్ని చుక్కలు.
నలభై ఏళ్ళుగా ఈ పేటలోనే పడుకుంటున్నాను,
ఉన్నాయని ఒక్కరూ చెప్పలేదు.

అర్ధరాత్రి, వెల్లకిలా పడుకుని చిన్నయ్య:
"గురూ, ఎనిమిదింటికి తూరుపేపున్న
ఆ వంకరటింకర చుక్కలు ఇప్పుడు పైకెక్కీసినాయి.
అదొక్కటే, సింహాచలం కొండకి కుడిపక్కన,
అక్కడే కూకుందేటి?"

మసేను నోట్లో బీడీ తియ్యకుండానే చెయ్యి చాపాడు.
"నీటి అంచు మీంచి ఒక పిడికిలి, మూడేళ్ళు, మరికాస్త.
అంతెత్తునుంటే మన విశాపట్నం.
కిందకి బందరు దాకా పోతే
చిటికినేలంత దిగతాది.
పైకి గోపాల్‌పూర్ పోతే అంతే ఎక్కతాది.
వేటకెళ్ళి మళ్ళినప్పుడు
దాన్ని కుడిచెంపకి పెట్టుకుని వచ్చేత్తాం.
ఎందుకు కదల్దో మాకేల? కదల్దు. చాలు."

నాకు చాలదు.
ముప్పయ్యేళ్ళుగా నా కూడంతా
తిరిగేదాన్ని చూడ్డంలోనే ఉంది.

గోనెపట్టా తీసి, సుద్దముక్కతో
ఫేస్‌ప్లేటు మీద చుక్కలు పెట్టాను,
అంచున ఒకటి, సగంలో ఒకటి, నట్టనడుమ ఒకటి.
టార్చి పట్టుకోమని, చేత్తో తిప్పాను.

"ఏది కదల్లేదురా?"
"మద్దిది."
"సరే, ఇప్పుడు నువ్వు ఈ ప్లేటు మీద చీమవి.
నీకు ప్లేటు తిరగదు, షెడ్డు తిరుగుతుంది.
గోడ, మోటారు, మసేను బీడీ నిప్పు
అన్నీ నీ చుట్టూ గిరగిరా.
ఇరుసు ఎటు గురిపెట్టిందో, అక్కడ
ఎదురుగా ఉన్న డెడ్ సెంటర్ మొన,
అదొక్కటీ ఉన్నచోటే ఉంటుంది."

తపస్సు చేసి సంపాదించిన చోటని
మా అమ్మ చెప్పేది. కాదనను.
కానీ ఆ చుక్క గట్టిదీ కాదు, అన్నింట్లో పెద్ద వెలుగూ కాదు.
కాళ్ళకింద నేల తిరిగే గీతని
కొండ మీంచి అలా పొడిగించుకుంటూ పోతే
దారిలో ఎదురైంది, అంతే.

చీమ ఆలోచిస్తూ ఆలోచిస్తూ నిద్రపోయింది.

వాడికి చెప్పనిది ఒకటుంది.
డయల్ గేజీ ఆనించి చూస్తే
దానికీ రనౌటుంది.
చందమామ వెడల్పు కంటే కాస్త ఎక్కువే పక్కకి జరిగి
రోజూ ఒక చిన్న సున్నా చుడుతుంది.
ఆ ఇరుసు కూడా
తూలే ముందు బొంగరం తల తిప్పినట్టు
మెల్లగా, మెల్లమెల్లగా తల తిప్పుతోంది.
పన్నెండు వేల ఏళ్ళు పోతే
ఆ ఉద్యోగం అభిజిత్తుకి దగ్గర్లో పడుతుంది.
అప్పటి మసేనులు కుడిచెంపకి
ఏం పెట్టుకుని ఇంటికొస్తారో.

రెండున్నరకి కరెంటొచ్చింది.
పేట పేటంతా ఒక్క కేక.
చుక్కలు, తడిగుడ్డతో పలక తుడిచినట్టు.
మసేను మాత్రం ఉత్తరం వైపు
ఒకసారి మెడ తిప్పి చూశాడు,
ట్యూబులైట్ల అవతలకి,
తాళం వేసిన ఇంట్లో మనిషున్నాడని తెలిసినవాడిలా.

స్విచ్చి నొక్కాను.
సుద్దచుక్కలు రెండూ తెల్లటి గాజులైపోయాయి.
నట్టనడుమ మచ్చ
మచ్చగానే ఉంది.

"చూసింది చాల్లే గురూ,
షాఫ్టు ఎక్కించు," అన్నాడు.
వంక ఎంతుందో చూడాలి.